కృష్ణుడి కిరీటాన్ని కాగితం మీద గీసినాయన



యాన్యువల్ డే దగ్గరికొచ్చింది. మన కల్వకుర్తి బ్రాంచిలో ఈ నెలంతా ఒకటే గోల. ఎవరికి ఏ డ్రెస్సు, ఎక్కడ అద్దెకు దొరుకుతుంది, సైజు సరిపోతుందా, పోయినసారి పంచె జారిపోయినట్టు ఈసారి కూడా జారిపోతుందా అని. అందరికంటే ఎక్కువమంది అడిగే వేషం ఏదో మీకు చెప్పక్కర్లేదు. ఎల్‌కేజీ నుంచి ఏడో తరగతి దాకా కృష్ణులే కృష్ణులు. మీరు హైదరాబాద్ నుంచి అద్దెకు తెచ్చినా, ఇక్కడే టైలర్ దగ్గర కుట్టించినా, ఇంట్లో అట్టముక్కకు గోల్డ్ పేపర్ అంటించి చేసినా, వచ్చే కృష్ణుడు మాత్రం ఒక్కడే. పొడుగ్గా పైకి సన్నబడే కిరీటం, దాంట్లో నెమలి పింఛం, భుజాల మీద భుజకీర్తులు, ఛాతీ నిండా హారాలు, భుజాల దాకా దిగిన జుట్టు. కృష్ణుడు ఎలా ఉంటాడు అని ఎవరిని అడిగినా మన కళ్ళ ముందుకు వచ్చేది 'మాయాబజార్'లో ఎన్టీఆర్. ఆ సినిమా మొత్తం చూడని పిల్లలకు కూడా అదే రూపం వస్తుంది.

ఆ రూపం ఎన్టీఆర్ మీదికి రాకముందు ఒక కాగితం మీద ఉంది. దాన్ని గీసినాయన గురించి ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. దానికి కారణం ఉంది. నా తప్పు ఒకటి ఉంది, అది కూడా చెప్పేస్తాను.

పోయిన టర్మ్‌లో ఆరో తరగతి ఇంగ్లీష్ పీరియడ్‌లో ఒక అబ్బాయి రఫ్ నోట్స్ వెనక పేజీల్లో బొమ్మలు గీస్తూ దొరికాడు. నేను టెన్సెస్ చెప్తుంటే వాడు కిరీటాలు గీస్తున్నాడు. నోట్స్ లాక్కుని టేబుల్ సొరుగులో పెట్టాను. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళమ్మ వచ్చి, మేడం, వీడు ఇంట్లో కూడా ఇంతే, ఎట్లనైనా ఈ బొమ్మల పిచ్చి మాన్పించండి అన్నారు. నేను అలాగేనండీ అని తలూపాను. ఇద్దరం ఒక మాట మీదే ఉన్నాం. ఆ సాయంత్రం పేపర్లు దిద్దుతూ సొరుగు తీసి ఆ నోట్స్ తిప్పాను. ఒకే కిరీటం పద్నాలుగు రకాలుగా ఉంది. ఒక దాంట్లో అంచు వెడల్పు, ఒక దాంట్లో పైన మొగ్గ చిన్నది, ఒక దాంట్లో పింఛం వంపు మార్చి మళ్ళీ కొట్టేశాడు. పదకొండేళ్ళ పిల్లాడు ఒకే పనిని పద్నాలుగుసార్లు సరిచేసుకున్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా నా ఇంగ్లీష్ హోంవర్క్‌లో ఒక్క స్పెల్లింగ్ సరిచేసుకోడు. సరే, అది వేరే కథ.

ఆయన పేరు మాధవపెద్ది గోఖలే. పేరు చూసి మరాఠీ ఆయన అనుకోకండి, అచ్చంగా తెలుగువారే. జాతీయోద్యమం రోజుల్లో పిల్లలకు దేశనాయకుల పేర్లు పెట్టుకునేవాళ్ళు కదా. గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో 1917లో పుట్టారు. రచయితగా మా. గోఖలే అని రాసుకునేవారు. అదే ఊరు, అదే ఇంటిపేరు ఉన్న ఇంకొకాయన కూడా మీకు బాగా తెలుసు, కాకపోతే గొంతుగా తెలుసు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెళ్ళి విందు ముందు కూర్చుని పాడే పాట ఉంది చూడండి, మన పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర ఇప్పటికీ పెట్టే పాట, అది పాడిన మాధవపెద్ది సత్యం. ఘటోత్కచుడి గొంతూ ఒంటి మీది అలంకారమూ ఒకే పల్లెటూరి ఇంటిపేరు నుంచి వచ్చాయన్నమాట.

గోఖలే చిత్రకళ నేర్చుకోవడానికి మద్రాసు వెళ్ళారు. అప్పుడు అక్కడి ప్రభుత్వ ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మీరు చెన్నై మెరీనా బీచ్‌కు వెళ్ళి ఉంటే, నలుగురు మనుషులు పెద్ద బండరాయిని కదిలిస్తున్న కంచు విగ్రహం చూసే ఉంటారు. అది ఆయన చేసిందే. అంతటి శిల్పి దగ్గర నేర్చుకోవడమంటే ఒంటి కండరం ఎక్కడ బిగుస్తుందో, భుజం ఎక్కడ వంగుతుందో ముందు తెలుసుకోవడం. బట్ట తర్వాత, ఒళ్ళు ముందు. మన పిల్లలకు వేషం వేసేటప్పుడు మనం చేసే పొరపాటు ఇక్కడే. డ్రెస్సు బాగుందా అని చూస్తాం గానీ ఆ డ్రెస్సులో పిల్ల చేయి ఎత్తగలదా అని చూడం.

చదువయ్యాక గోఖలే నేరుగా సినిమాల్లోకి రాలేదు. ఆయన మనసు ఎడమవైపు రాజకీయాల మీద ఉండేది. 'ప్రజాశక్తి' పత్రికలో పనిచేశారు. కథలు రాశారు. పొలం పనివాళ్ళు, చిన్న రైతులు, కాలవ గట్టు మీది జనం, వాళ్ళ మాట తీరు, వాళ్ళ ఎత్తిపొడుపులు, ఇవే ఆయన కథల్లో ఉండేవి. 'బల్లకట్టు పాపయ్య' అనే కథ తెలుగు కథల గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 'మూగజీవాలు' ఆయన కథల పుస్తకం. పల్లెటూరి బీదవాళ్ళ గురించి రాసిన చెయ్యే తర్వాత దేవుళ్ళకు, రాజులకు, రాక్షసులకు నగలు గీసింది. మొదట నాకు ఇది వింతగా అనిపించింది. ఆలోచిస్తే వింత కాదు. ఒక మనిషిని దూరం నుంచి చూసి ఎవరో చెప్పగలగడం కథకుడికీ కావాలి, వేషం గీసేవాడికీ కావాలి. తలపాగా చుట్టిన తీరు, పంచె ఎక్కడి దాకా ఎగ్గట్టాడన్నది, కండువా భుజం మీద ఉందా నడుముకు ఉందా, ఇవి చాలు. మన ఊరి అంగడిలో నిలబడి చూడండి, ఎవరు కొనేవాళ్ళో ఎవరు అమ్మేవాళ్ళో ఎవరు మధ్యవర్తో మాట వినకుండానే తెలిసిపోతుంది.

1950లో నాగిరెడ్డి, చక్రపాణి కలిసి విజయా సంస్థ పెట్టి 'షావుకారు' తీశారు. 'చందమామ' పత్రిక పెట్టింది కూడా ఆ ఇద్దరే, 1947లో. బొమ్మ అంటే విలువ తెలిసిన మనుషులు. అక్కడి నుంచి విజయావారి సినిమాల టైటిల్స్‌లో కళ అనే కార్డు మీద రెండు పేర్లు కలిసే కనపడతాయి. గోఖలే, కళాధర్. కళాదర్శకుడు అంటే మనం సెట్టు వేసేవాడు అనుకుంటాం. ఆ రోజుల్లో పని అంతకంటే పెద్దది. పాత్ర ఎలా ఉండాలి, తల మీద ఏముండాలి, చేతిలో ఏముండాలి, వెనక గోడ మీద ఏ చెక్కడం ఉండాలి అన్నదంతా ఒకే చూపు కింద సాగేది. ఇప్పుడు ఇదే పనిలో సగానికి కాస్ట్యూమ్ డిజైనర్ అని వేరే పేరుంది. కుట్టేవాళ్ళు, నగలు పోత పోసేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు వేరే. వాళ్ళందరికీ ముందుగా ఒక బొమ్మ కావాలి. ఆ బొమ్మ గోఖలే గీసేవారు.

1951లో 'పాతాళభైరవి' వచ్చింది. తోటమాలి కొడుకు తోటరాముడు, రాజకుమారి, నేపాళ మాంత్రికుడు. కె.వి. రెడ్డి దర్శకత్వం. జానపద కథకు పురాణంలా ముందే స్థిరపడిన రూపం ఉండదు. రాముడు ఇలా ఉంటాడు, కృష్ణుడు ఇలా ఉంటాడు అని గుళ్ళో చూసుకోవచ్చు, తోటరాముణ్ణి ఏ గుళ్ళో చూసుకుంటాం? అన్నీ ఊహించాలి. పెద్దగా బరువు లేని బట్టలతో, చురుగ్గా ఎగరడానికి దూకడానికి వీలుగా కుర్రవాడు ఒకవైపు. గడ్డం, తలపాగా, పొడుగు అంగీలతో ఎస్.వి. రంగారావు మాంత్రికుడు ఇంకోవైపు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే కథ సగం తెలిసిపోతుంది. 1952లో మన దేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు దక్షిణాది నుంచి అక్కడికి వెళ్ళిన సినిమా ఇదొక్కటే.

మధ్యలో ఇంకో రకం సినిమాలు కూడా చేశారు. 1955లో 'మిస్సమ్మ'. బీఈడీ చేసి ఉద్యోగం కోసం తిరిగిన మాలాంటి వాళ్ళకు ఆ సినిమా మీద ప్రత్యేకమైన ప్రేమ. చదువుకున్న ఇద్దరు నిరుద్యోగులు టీచర్ ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఒక స్కూల్లో చేరతారు. అందులో సావిత్రిని చూడండి. మామూలు టీచరమ్మ చీర, మామూలు జడ. అందులో ఏ గొప్పా కనపడదు. కనపడకపోవడమే అందులోని పని. పింగళి నాగేంద్రరావు పాటలు, మార్కస్ బార్‌ట్లే కెమెరా గురించి అందరం మాట్లాడుకుంటాం గానీ, అంత మామూలుగా కనపడేటట్టు చేయడానికి కూడా ఒకరు కూర్చుని ఆలోచించి ఉంటారని ఎవరం అనుకోం.

ఇక 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైంది. ఇక్కడ కాస్త ఆగుతాను, మీరూ ఆగండి.

ఎన్టీఆర్‌కు మొదట కృష్ణుడి వేషం వేయడం ఇష్టం లేదు. దానికి కారణం ఉంది. అంతకుముందు ఒక సినిమాలో చిన్న సన్నివేశంలో ఆయన కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. ఒకసారి హాలులో జనం కాదన్న వేషాన్ని మళ్ళీ వేసుకోవాలంటే ఎవరికైనా భయమే. మన పిల్లలు స్టేజి మీద ఒకసారి మాట మర్చిపోతే మరుసటి ఏడు పేరు ఇవ్వరు, అలాంటిదే. కె.వి. రెడ్డి పట్టు వదల్లేదు. నచ్చజెప్పారు, వేషం మీద, నడక మీద, నిలబడే తీరు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టించారు. అప్పుడు బాధ్యత గోఖలే పెన్సిల్ మీద పడింది. అదే నటుడు, అదే దేవుడు. ఇంతకుముందు కాదన్న జనమే ఇప్పుడు ఔననాలి.

తెలుగువాళ్ళకు అప్పటికే కృష్ణులు కొత్త కాదు. రవివర్మ అచ్చు బొమ్మలు ఇళ్ళల్లో గోడల మీద ఉన్నాయి. సురభి నాటకాల్లో మఖమల్ మీద చెమ్కీ కుట్టిన కృష్ణుళ్ళు ఉన్నారు. ఈలపాట రఘురామయ్య కృష్ణుడంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలేవి. అంతెందుకు, ఈ 'మాయాబజార్'లోనే శకునిగా పాచికలు వేసే సీఎస్ఆర్ ఆంజనేయులు అంతకుముందు కృష్ణుడిగా పేరు తెచ్చుకున్నవారే. నాటకంలో వేషం చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా కనపడాలి, అందుకే అన్నీ పెద్దవిగా, మెరిసేవిగా ఉంటాయి. సినిమాలో కెమెరా మొహం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నాటకం కిరీటాన్ని అలాగే తెచ్చి పెడితే మొహం కంటే కిరీటమే ముందు కనపడుతుంది. కిరీటం పొడవు ఎంత ఉంటే ఆ మొహానికి నిండుగా ఉంటుంది, ఎంత దాటితే బరువు మోస్తున్న మనిషిలా ఉంటాడు, ఇది లెక్క. ఈ లెక్కకు ఫార్ములా ఉండదు. గీసి చూసుకోవాలి, చెరిపి మళ్ళీ గీయాలి. నాకు ఆ రఫ్ నోట్స్‌లోని పద్నాలుగు కిరీటాలు ఇక్కడే గుర్తొచ్చాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ సినిమా నలుపు తెలుపు. కృష్ణుడంటే నీలమేఘశ్యాముడు, కట్టేది పట్టు పీతాంబరం. నీలమూ లేదు, పసుపూ లేదు. అన్నీ బూడిద రంగులే, కొన్ని ముదురు, కొన్ని లేత. నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన ఉంటే ఒక్కోసారి ఒకటేలా పడతాయి. కంటికి ఎంతో తేడాగా ఉన్న పంచే అంచూ తెర మీద కలిసిపోతాయి. తెల్ల బట్టయితే స్టూడియో లైట్ల కింద మెరిసి మొహాన్ని మింగేస్తుంది, అందుకని ఆ కాలంలో సినిమావాళ్ళు తెల్ల బట్టను కొంచెం మాపుగా రంగు వేసి వాడేవాళ్ళు. కాబట్టి రంగు మీద ఆధారపడకుండా గీతల మీద, నేత మీద, మెరుపు మీద ఆధారపడాలి. హారం ఎక్కడ వెలుగు పట్టుకుంటుంది, ఒల్లెవాటు ఎక్కడ ముడతలు పడుతుంది అన్నదే రంగు. మీరు సినిమా చూస్తున్నంతసేపు కృష్ణుడు నీలంగా ఉన్నాడా లేడా అన్న సందేహం మీకు ఎప్పుడైనా వచ్చిందా? నాకు రాలేదు.

2010 జనవరిలో ఈ సినిమాకు రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. అప్పుడు ఒక్కో నగకూ ఒక్కో అంచుకూ కంప్యూటర్ దగ్గర కూర్చుని ఏదో ఒక రంగు ఎంచుకోవాల్సి వచ్చింది. రంగుల్లో కూడా బాగానే ఉందని కొందరంటారు. నాకు పాతదే ఇష్టం, అది నా అభిప్రాయం మాత్రమే.

కృష్ణుడొక్కడే కాదు. ముఖ్యమైన పాత్రలకు గోఖలే ముందుగా స్కెచ్‌లు వేశారు. ఘటోత్కచుణ్ణి చూడండి. రాక్షసుడు, కానీ పిల్లలు భయపడకూడదు, పైగా ప్రేమించాలి. గద, పెద్ద కుండలాలు, మెలితిరిగిన మీసం, నిండైన ఒళ్ళు. భయం సగం, ముద్దు సగం. రంగారావు గారు ఆ వేషంలో నవ్వితే మా తాతయ్య కూడా నవ్వేవారు. ఇక రేలంగి లక్ష్మణకుమారుడు. పెళ్ళికొడుకు, సోకు ఎక్కువ, పస తక్కువ. అతని ఒంటి మీద అలంకారం కొంచెం ఎక్కువైనట్టే ఉంటుంది. ఆ కొంచెం ఎక్కువే నవ్వు తెప్పిస్తుంది. అదే నగలు అభిమన్యుడిగా వేసిన అక్కినేని మీద పెడితే కథ పాడైపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది శశిరేఖ. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి పెళ్ళిపీటల మీద కూర్చుంటాడు. అంటే సావిత్రి ఒంటి మీద అదే చీర, అవే నగలు, లోపల మాత్రం రాక్షసుడు. బట్ట మారలేదు, మనిషి మారాడు. సావిత్రి నడకలో, చూపులో అది తెచ్చారు. అంత నాజూకైన అలంకారంలో అంత మోటు నడక కనపడుతుంది కాబట్టే నవ్వొస్తుంది. మన పిల్లలకు స్కిట్ నేర్పేటప్పుడు నేను ఈ ఒక్క సీను ఫోన్‌లో చూపిస్తాను. వేషం వేసుకుంటే సరిపోదు అని అరగంట చెప్పే బదులు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

వస్తువులు కూడా ఆ కళావిభాగంవే. కూర్చున్నవాళ్ళను గిరగిరా తిప్పే తల్పం, దానంతట అదే చుట్టుకునే కంబళి, మూత తీస్తే మనసులో ఉన్నవాళ్ళను చూపించే ప్రియదర్శిని పెట్టె. ద్వారక నగరాన్ని వందలకొద్దీ బొమ్మ ఇళ్ళతో, దీపాలతో చిన్నగా కట్టి ఊరంత పెద్దగా చూపించారు. అంతా మద్రాసు స్టూడియోలో. ఇవాళ పిల్లలకు చూపిస్తే, గ్రాఫిక్స్ లేకుండా ఎట్లా చేశారు మేడం అని అడుగుతారు. మార్కస్ బార్‌ట్లే కెమెరా, కళావాళ్ళ చెక్కా రంగూ గుడ్డా, కె.వి. రెడ్డి ఓపిక అని చెప్తాను.

సినిమా విడుదలయ్యాక జనం కృష్ణుణ్ణి కాదనలేదు. ఆ తర్వాత ఎన్టీఆర్ ఎన్నో సినిమాల్లో కృష్ణుడయ్యారు, కాలెండర్ల మీదికి, పూజగదుల్లోకి కూడా ఆ రూపం వెళ్ళింది. కె.వి. రెడ్డి గారిని, ఎన్టీఆర్‌ను, మేకప్ వేసిన పీతాంబరం గారిని కొంతైనా తలుచుకుంటాం. గోఖలే పేరు మాత్రం ఆ టైటిల్ కార్డు మీదే ఉండిపోయింది.

ఇదే సమయంలో అమెరికాలో ఇదే పని చేసిన ఒకావిడ ఎలా బతికిందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆవిడ కూడా టీచరే. ఎడిత్ హెడ్. 1897లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఫ్రెంచ్ టీచర్‌గా పనిచేస్తూ, డ్రాయింగ్ కూడా చెప్తానని ఒప్పుకుని, అది నేర్చుకోవడానికి సాయంత్రం క్లాసులకు వెళ్ళింది. 1920లలో పారామౌంట్ స్టూడియోలో స్కెచ్‌లు గీసేవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకు వెళ్ళింది. చేతిలో ఉన్న బొమ్మలు ఆవిడవి కావు, క్లాసులో తోటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నవి. ఉద్యోగం వచ్చింది. తర్వాత ఆ సంగతి తనే ఒప్పుకుంది. మన ఇళ్ళల్లో సైన్స్ ప్రాజెక్టులు ఎవరు చేస్తున్నారో నాకు తెలుసు, స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా ఎంతకు దొరుకుతాయో కూడా తెలుసు, కాబట్టి ఆవిణ్ణి ఒక్కమాట అనలేను. కాకపోతే ఉద్యోగం వచ్చాక కూర్చుని నేర్చుకుంది. 1938కల్లా ఆ స్టూడియో మొత్తం కాస్ట్యూమ్ విభాగానికి పెద్దయింది. నలుపు తెలుపు సినిమాలో ఏ బట్ట ఎలా పడుతుందో చూసుకోవడానికి రంగు అద్దాల కళ్ళజోడు పెట్టుకునేది, తర్వాత ఆ కళ్ళజోడే ఆవిడ గుర్తయింది.

హాలీవుడ్‌లో 1949 నుంచి కాస్ట్యూమ్స్‌కు ఆస్కార్ ఇస్తున్నారు. ఎడిత్ హెడ్ పేరు 35 సార్లు పోటీలో నిలిచింది, 8 సార్లు గెలిచింది. 'రోమన్ హాలిడే' అందులో ఒకటి. 'సబ్రీనా' ఇంకొకటి, అయితే అందులో ఆడ్రీ హెప్‌బర్న్ వేసుకున్న అందమైన గౌన్లు కొన్ని పారిస్ నుంచి జివాన్షీ చేసి పంపినవి, బహుమతి మాత్రం ఎడిత్ ఒక్కదాని పేరు మీదే వచ్చింది. అంటే అక్కడ పేరు ఎక్కువ వచ్చిన చోటు కూడా ఉంది. మన దేశానికి ఈ పనికి ఆస్కార్ తెచ్చింది కొల్హాపూర్‌లో పుట్టిన భాను అథయ్య, 'గాంధీ' సినిమాకు, 1983లో. గోఖలే పనిచేసిన కాలంలో మన దగ్గర ఆ పనికి వేరే బహుమతి లేదు, వేరే పేరు కూడా లేదు.

పేరు లేకపోవడం మనకు కొత్త కాదు. మన నారాయణపేట చీర, గద్వాల చీర కట్టుకుని మీరు పెళ్ళిళ్ళకు వెళ్తారు. ఆ అంచు మొదట ఎవరు ఊహించారో మీకూ నాకూ తెలియదు. చీర బాగుందంటాం, షాపు పేరు అడుగుతాం.

'మాయాబజార్' తర్వాత కూడా గోఖలే విజయావారితోనే 'అప్పు చేసి పప్పు కూడు', 1961లో 'జగదేకవీరుని కథ', 1962లో 'గుండమ్మ కథ' చేశారు. 'జగదేకవీరుని కథ'లో మళ్ళీ ఇంద్రలోకం, దేవకన్యలు. మరుసటి ఏడే 'గుండమ్మ కథ'లో ఎన్టీఆర్ పనివాడి నిక్కరుతో పిండి రుబ్బుతాడు. ఏడాది కింద వజ్రాల కిరీటం పెట్టించిన కళావిభాగమే నిక్కరూ చొక్కా కూడా చూసింది. ఆ నిక్కరు కూడా జనానికి కిరీటమంత గుర్తుండిపోయింది. గోఖలే 1981లో చనిపోయారు. అనుకోకుండా ఎడిత్ హెడ్ చనిపోయింది కూడా అదే ఏడాది.

ఇదంతా చదివి మీ పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ మాన్పించి డ్రాయింగ్‌లో వేయమంటున్నానని అనుకోకండి. ఫీజులు కట్టేది మీరు, మార్కులు రావాలని మీరు అనుకోవడంలో తప్పు లేదు, మార్కులు తెప్పించమనే నన్నూ ఇక్కడ పెట్టారు. నేను చేసింది మాత్రం ఇది. మరుసటి రోజు ఆ నోట్స్ వాడికి తిరిగిచ్చేశాను. ఇంగ్లీష్ పీరియడ్‌లో గీయకూడదని చెప్పాను, అది మాత్రం ఒప్పందం. యాన్యువల్ డేకు మన సెక్షన్ కృష్ణుడి కిరీటం అద్దెకు తేవద్దు, నువ్వే గీసుకురా, అట్ట నేను కోస్తాను అన్నాను. వాళ్ళమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత గోల్డ్ పేపర్ ఎన్ని షీట్లు కావాలని అడిగారు.

వాడు పదిహేనో కిరీటం తెచ్చాడు. బాగుంది. కానీ పింఛం ఏ పక్కకు పెట్టాలో వాడికి అనుమానం వచ్చింది, నన్ను అడిగాడు. నాకూ గుర్తు లేదు. ఇన్నిసార్లు చూశాను, గుర్తు లేదు. ఆదివారం సినిమా పెట్టుకుని చూసి చెప్తానన్నాను. మీరు కూడా చూడండి, టైటిల్స్ దగ్గర ముందుకు జరపకుండా.